అమ్మానాన్నలతో కేదార్, బదరీ: ఏడు రోజుల ప్యాకేజీ ఎందుకు వద్దు, బదులుగా ఏం చేయాలి

మీరు అడిగింది ఇదీ. గుంటూరు నుంచి ఐదుగురు బయల్దేరుతున్నారు. నాన్నగారికి 67, బీపీ మాత్రలు వాడుతున్నారు. అమ్మగారికి 62, మోకాళ్ల నొప్పులు. మీ దంపతులు, ఐదేళ్ల బాబు. కార్తీక మాసంలో వెళ్లాలని ఉంది. హరిద్వార్‌లో ఎక్కి హరిద్వార్‌లో దిగేలా ఏడు రోజుల్లో నాలుగు ధామాలూ (యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్) చూపిస్తానని, పెద్దవాళ్లని కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్లో పంపిస్తానని ఏజెంటు అంటున్నాడు. ఇది అయ్యే పనేనా అని.

నాలుగు ధామాలూ ఏడు రోజుల్లో అవ్వవు. కార్తీకంలో కేదార్‌నాథ్ అసలే అవ్వదు. కేదార్, బదరీ రెండూ మాత్రం పెట్టుకుని, రిషీకేశ్ నుంచి రిషీకేశ్‌కి తొమ్మిది రోజులు చేతిలో ఉంచుకుంటే పెద్దవాళ్లతో కూడా బాగానే జరుగుతుంది.

ముందు కార్తీకం సంగతి. మనకి కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. కేదార్‌నాథ్ గుడిని మూసేది ఆ మర్నాడే, కార్తీక శుద్ధ విదియ నాడు. మనవాళ్లు భగినీ హస్త భోజనం అనే రోజునే అక్కడ భాయీ దూజ్ అంటారు. 2024లో నవంబర్ 3న, 2025లో అక్టోబర్ 23న మూశారు. అంటే కార్తీక సోమవారం కేదార్‌నాథ్‌లో గడపాలనే కోరిక దాదాపు తీరనిదే. తలుపులు మూశాక స్వామిని పల్లకిలో ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయానికి తీసుకొస్తారు. చలికాలమంతా పూజలు అక్కడే. ఊఖీమఠ్ ఎత్తు దాదాపు 1,300 మీటర్లు, గుడి దాకా కారు వెళ్తుంది. కార్తీకం తప్పదనుకుంటే ఊఖీమఠ్, బదరీనాథ్ కలిపి చూడొచ్చు. బదరీనాథ్ 2024లో నవంబర్ 17 దాకా, 2025లో నవంబర్ 25 దాకా తెరిచే ఉంది. కాకపోతే నవంబర్లో బదరీలో రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి. ఐదేళ్ల పిల్లాడితో అక్కర్లేదు.

కేదార్‌నాథ్ కావాలంటే దసరా సెలవులు వాడుకోండి. సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మధ్య దాకా ఆకాశం తేటగా ఉంటుంది, మే, జూన్‌ల తొక్కిసలాట ఉండదు. వానలు ఒక్కోసారి సెప్టెంబర్ చివరి దాకా వదలవు కాబట్టి అక్టోబర్ మొదటి వారమే ఇంకా నయం. జులై, ఆగస్టుల్లో ఎవరు ఎంత తక్కువకి రూములిచ్చినా వెళ్లొద్దు. 2013 జూన్ వరద అందరికీ గుర్తే; 2024 జులై 31 రాత్రి కురిసిన కుంభవృష్టికి కూడా లించోలీ, భీమ్‌బలీ దగ్గర నడకదారి చాలాచోట్ల తెగిపోయింది, వేలమంది పైన చిక్కుకుపోయారు.

ఇక ఏడు రోజుల లెక్క ఎందుకు తప్పు? ఏజెంటు కిలోమీటర్లు చూపిస్తాడు, మీరు గంటలు చూడాలి. రిషీకేశ్ నుంచి గుప్తకాశీ సుమారు 185 కిలోమీటర్లు. గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లే అలవాటుతో మూడున్నర గంటలనుకుంటాం. ఇక్కడ అడ్డంకులేమీ లేకపోతే ఏడెనిమిది గంటలు. నాలుగు ధామాలకీ కలిపి పన్నెండొందల కిలోమీటర్లకు పైనే కొండదారి, పైగా యమునోత్రికి జానకీ చట్టీ నుంచి ఐదారు కిలోమీటర్ల ఎక్కుడు, కేదార్‌కి పూర్తిగా రెండు రోజులు. వీటిని ఏడు రోజుల్లో ఇరికిస్తే తెల్లవారుజామున మూడింటికి లేవడం, రాత్రి పదికి రూము చేరడం, మధ్యలో ఒక్కసారి కొండచరియ పడితే ఒక ధామం ఎగిరిపోవడం. ఎగిరిపోయేది ఎప్పుడూ చివరన పెట్టిన బదరీనాథే, డబ్బు వెనక్కి రాదు.

తొమ్మిది రోజుల్ని ఇలా పరవండి. మొదటి రోజు రిషీకేశ్ నుంచి ఆరు గంటలకల్లా బయల్దేరి దేవప్రయాగ, శ్రీనగర్, రుద్రప్రయాగ మీదుగా గుప్తకాశీ. దేవప్రయాగలో అలకనందా భాగీరథీ కలిసే చోటు చూడ్డానికి ఒక అరగంట ఆగండి. గంగ అనే పేరు మొదలయ్యేది అక్కడే, రఘునాథుడి గుడి దివ్యదేశం (ఆళ్వారులు పాడిన 108 వైష్ణవ క్షేత్రాల్లో ఒకటి) కూడా. రెండో రోజు ఎక్కడం పెట్టుకోకండి. పొద్దున ఊఖీమఠ్ చూసి, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు పైకి చోప్తా వెళ్లి, ఆ ఎత్తులో మూడు నాలుగు గంటలు మెల్లగా తిరిగి, రాత్రికి గుప్తకాశీకే రండి. చోప్తా 2,600 మీటర్లకు పైన ఉంటుంది. ఎత్తుకి వెళ్లి కిందికి దిగి పడుకోవడం ఒంటికి మంచి తర్ఫీదు. మూడో రోజు కేదార్‌నాథ్, నాలుగో రోజు దర్శనం, దిగడం. ఐదో రోజు ఖాళీ. దాన్ని ఏ చూడదగ్గ ప్రదేశంతోనూ నింపకండి, వాన పడితేనో రోడ్డు మూస్తేనో కాచేది అదే. ఆరో రోజు చోప్తా, గోపేశ్వర్, చమోలీ మీదుగా జోషీమఠ్; మళ్లీ రుద్రప్రయాగకి దిగి చుట్టూ తిరిగి రానక్కర్లేదు. ఏడో రోజు బదరీనాథ్. ఎనిమిదో రోజు రుద్రప్రయాగ లేదా శ్రీనగర్, తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి రిషీకేశ్.

ఆనవాయితీ ప్రకారం ముందు కేదారుడు, తర్వాత బదరీనారాయణుడు. ఆరోగ్యం మాట వరకే చూస్తే తిరగేసి, ముందు జోషీమఠ్‌లో పడుకుని బదరీ చూసి ఆ తర్వాత కేదార్‌కి వెళ్లడం మేలు, ఎందుకంటే ఒళ్లు మెట్లుమెట్లుగా అలవాటు పడుతుంది. నాన్నగారు ఒప్పుకుంటే అలా చేయండి. ఒప్పుకోకపోతే దీని కోసం పోట్లాడక్కర్లేదు, రెండో రోజు చోప్తా చాలావరకు ఆ పని చేస్తుంది.

బండి రిషీకేశ్‌లోనో హరిద్వార్‌లోనో మాట్లాడుకోండి. ఐదుగురికి ఇన్నోవా సరిపోతుంది. పసుపు నంబరు ప్లేటు, యాత్రకోసం ఇచ్చే గ్రీన్ కార్డు, ట్రిప్ కార్డు ఉన్నాయేమో ముందే అడగండి. లేకపోతే చెక్‌పోస్టులో ఆపేస్తారు, ఆ సగం రోజు పోయేది మీకే. ఢిల్లీ నుంచి తెచ్చుకున్న డ్రైవరు కొండల్లో నడిపాడో లేదో తేల్చుకోవడం కష్టం. మంచి డ్రైవరుని దిగుడులో గుర్తుపట్టొచ్చు: ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరులో, ఇంజను మీద ఆపుకుంటూ వస్తాడు. న్యూట్రల్లో పెట్టి బ్రేకు మీద కాలేసి దింపేవాడి బండిలో అరగంటకి కాలిన వాసన వస్తుంది. అంటే బ్రేకులు వేడెక్కి పట్టు పోతోందని అర్థం. ఆపించి, చల్లారాక కదలమనండి. రాత్రిపూట ఈ రోడ్ల మీద యాత్ర బళ్లని వదలరు కాబట్టి అక్టోబర్లో సాయంత్రం ఐదున్నరకల్లా రూములో ఉండేలా చూసుకోండి.

చరియలు పడేవి దాదాపు ఎప్పుడూ అవే చోట్లు. శ్రీనగర్ దాటాక సిరోబగడ్, కేదార్ దారిలో బాన్‌స్వాడా, సోన్‌ప్రయాగ దాటాక ముంకటియా, బదరీ దారిలో పీపల్‌కోటీ దగ్గర భనేర్‌పానీ, పాండుకేశ్వర్ దాటాక లాంబగడ్. రాత్రి వాన కురిస్తే పొద్దున బయల్దేరే ముందు ఈ పేర్లు చెప్పి రోడ్డు తెరిచి ఉందా అని హోటలు వాళ్లని అడగండి. జేసీబీలు దగ్గర్లోనే ఉంటాయి, మామూలుగా రెండు మూడు గంటల్లో దారి చేస్తారు. కొండ ఇంకా జారుతుంటే ఒక రోజు. అలా ఆగాల్సొస్తే శ్రీనగర్, రుద్రప్రయాగ, పీపల్‌కోటీల్లో రూములు దొరుకుతాయి. వరసలో ఇరుక్కుని కూర్చోకుండా వెంటనే వెనక్కి తిరిగినవాళ్లకే అవి దొరుకుతాయి. రోడ్డు మీద కొత్తగా రాలిన చిన్న రాళ్లు కనిపిస్తే అక్కడ ఫోటో కోసం ఆగొద్దు, పైన ఇంకా ఉంది.

మలుపులకి కడుపులో తిప్పడం ఖాయం. బయల్దేరే గంట ముందు డాక్టరు చెప్పిన వాంతుల మాత్ర, ఖాళీ కడుపు కాకుండా రెండు ఇడ్లీలో బిస్కెట్లో, బాబుకి కిటికీ, ఫోను చేతికివ్వకపోవడం. ఫోను చూస్తే పది మలుపుల్లో వాంతి.

ఇప్పుడు అసలు భాగం, కేదార్‌నాథ్ ఎక్కడం. సొంత బళ్లు, అద్దె బళ్లు సోన్‌ప్రయాగ దగ్గరే ఆగిపోతాయి, అది నిండితే రెండు కిలోమీటర్ల ముందు సీతాపూర్ పార్కింగులో. అక్కడి నుంచి గౌరీకుండ్‌కి ఐదు కిలోమీటర్లు షేర్ జీపు. తెల్లవారుజామున నాలుగున్నరకే ఈ జీపుల దగ్గర వరస కడతారు. మధ్యాహ్నం దాటితే పైకి వదలరు. గౌరీకుండ్ ఎత్తు 2,000 మీటర్లకి కొంచెం తక్కువ, గుడి 3,583 మీటర్లు. దూరం 16 అంటారు, 18 అంటారు. ఎత్తు మాత్రం 1,600 మీటర్లు ఎక్కాలి. మొదటి ఆరు కిలోమీటర్లు భీమ్‌బలీ దాకా తేలిక. 2013 వరదకి రామ్‌బాడా కొట్టుకుపోయాక దారి అక్కడ మందాకినిని దాటి అవతలి గట్టు మీద లించోలీకి ఎక్కుతుంది. మనిషిని కూలదీసేది ఈ ముక్కే. భీమ్‌బలీ దాకా హుషారుగా పరుగెత్తినవాళ్లే లించోలీలో కూర్చుండిపోతారు. మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా మొదలుపెడితే ఏడు నుంచి పది గంటల్లో చేరతారు, దిగడానికి ఐదారు.

అమ్మగారి మోకాళ్లకి గుర్రం మందు కాదు. మనం గుర్రం అంటాం గానీ అవి ఎక్కువగా కంచరగాడిదలు. జీను గట్టిది, ఐదు గంటలు మోకాళ్లు మడిచి కూర్చుంటే దిగేసరికి కాళ్లు చచ్చుబడతాయి. దిగుడులో ఇంకా కష్టం, ఒళ్లంతా ముందుకి తోసుకొస్తుంది. నలుగురు మోసే డోలీ ఖర్చు ఎక్కువే, మనిషి బరువుని బట్టి పెరుగుతుంది కూడా, అయినా ఆవిడకి అదే సరి. ఒకవేళ గుర్రం ఎక్కితే ఎక్కుడులో ముందుకి, దిగుడులో వెనక్కి వంగాలి, గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు వేయాలి. గుర్రాలు గుడి దాకా రావు, చివర్లో కిలోమీటరు పైచిలుకు నడకే. బాబుని వీపు బుట్టలో మోసేవాళ్లు ఉంటారు. ఏది మాట్లాడుకున్నా ప్రీపెయిడ్ కౌంటర్లోనే చీటీ తీసుకుని, మోసేవాడి కార్డుని ఫోటో తీసుకుని, చీటీని పైకి చేరాకే చేతికివ్వండి. బుట్టవాడు మనకన్నా రెట్టింపు వేగంతో పోతాడు. బాబు పక్కన మీ ఇద్దర్లో ఒకరు కచ్చితంగా నడవాలి, లేదా పది నిమిషాలకోసారి ఆగమని ముందే ఒప్పందం చేసుకోవాలి. నడిచేవాళ్లు గుర్రాలు వస్తుంటే కొండ వైపుకి ఒదగాలి, లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు.

హెలికాప్టర్ సంగతి. గుప్తకాశీ, ఫాటా, సిర్సీల నుంచి ఎగురుతాయి. టికెట్లు ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్రా సైటులోనే అమ్ముతారు, దానికన్నా ముందు యాత్ర రిజిస్ట్రేషన్ ఉండాలి. వాట్సాప్‌లో టికెట్ ఇస్తానని ముందస్తు డబ్బు అడిగేవాళ్లు, గూగుల్‌లో ప్రకటనగా పైన కనిపించే సైట్లు దాదాపు అన్నీ మోసమే. మీ ఏజెంటు టికెట్ తన దగ్గరుందంటే పీఎన్‌ఆర్ చూపించమనండి. బరువు తూస్తారు, 80 కిలోలు దాటితే అదనం. సంచి రెండు కిలోలు మించకూడదు. ఆ రెండు కిలోల్లో మందులు, స్వెట్టరు, మంకీ క్యాప్ తప్పనిసరిగా పెట్టండి. పొద్దున వెళ్లి మధ్యాహ్నం వచ్చేస్తామనుకుని పల్చటి బట్టలతో వెళ్తారు. మబ్బు కమ్మితే తిరుగు ప్రయాణం రద్దు, రాత్రి పైనే. 2022 అక్టోబర్లో గరుడ్‌చట్టీ దగ్గర, 2025 జూన్‌లో గౌరీకుండ్ దగ్గర జరిగిన రెండు ప్రమాదాల్లోనూ లోయలో వెలుతురు, మబ్బు సరిగా లేవు. పైలట్ వద్దంటే బతిమాలకండి.

అయితే హెలికాప్టర్‌తో అందరూ మర్చిపోయేది ఒకటి ఉంది. పది నిమిషాల్లోపే ఉన్నచోటి నుంచి దాదాపు రెండు వేల మీటర్లు పైకి లేస్తారు. కేదార్‌నాథ్‌లో గాలిలో అందే ఆక్సిజన్ మన ఊరితో పోలిస్తే మూడింట రెండు వంతులే. నడిచినవాడి ఒళ్లు పగలంతా కొంచెం కొంచెం సర్దుకుంటుంది, ఎగిరొచ్చినవాడి ఒళ్లు సర్దుకోదు. అందుకే నాన్నగారు హెలికాప్టర్లో వెళ్తే దర్శనం చేసుకుని అదే రోజు కిందికి దిగడమే మంచిది, పైన పడుకోవడం వద్దు. బయల్దేరడానికి నెల ముందు ఈసీజీ, ఎకో తీయించి, ఎత్తుకి వెళ్తున్నామని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. ఎత్తు జబ్బు రాకుండా పెద్దవాళ్లకి సాధారణంగా వాడేది అసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లకి పనికిరాదు. అది మూత్రం ఎక్కువ చేసే మందు. బీపీ మాత్రలో కూడా అలాంటి మందే ఉంటే రెండూ కలిసి పొటాషియం పడిపోవచ్చు. అందుకే షాపులో అడిగి కొనకుండా డాక్టరే రాయాలి. బీపీ మాత్రలు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వరకు విశ్రాంతి, నీళ్లు, పారాసెటమాల్ చాలు, ఇంకా పైకి వెళ్లకపోతే చాలు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, ఆగని దగ్గు, తాగినవాడిలా తూలడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా వైద్యశిబిరానికి తీసుకెళ్లి కిందికి దించడమే మందు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా నిమిషాల్లో అయిపోతుంది. పల్స్ ఆక్సిమీటర్ పట్టుకెళ్లండి గానీ చల్లటి వేలికి తప్పు చూపిస్తుంది, వేలు రుద్ది వెచ్చబెట్టి చూడండి. పైన 85, 90 మధ్య కనిపించి మనిషి మామూలుగా ఉంటే భయపడక్కర్లేదు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని మన బృందాల్లో గట్టి నమ్మకం. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. పిల్లాడి మెడలో కర్పూరం మూట కట్టడం మాత్రం ప్రమాదం, మింగితే ఫిట్స్ వస్తాయి. పిల్లాడు తలనొప్పి అని చెప్పలేడు; తిండి మానేసి, ఆడటం మానేసి చిరాగ్గా ఏడుస్తుంటే అదే లక్షణం.

కేదార్‌నాథ్‌లో గర్భగుడి దర్శనం పగటిపూట, మధ్యాహ్నం గుడి కొంతసేపు మూస్తారు, సాయంత్రం అలంకారంలో దూరం నుంచే. లింగాన్ని తాకాలని, నెయ్యి రాయాలని ఉంటే రాత్రి పైన ఉండి పొద్దున్నే వరసలో నిలబడాలి. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే అన్నం పలుకుగా ఉంటుంది. వంటవాడి తప్పు కాదు. పెద్దవాళ్లకి కిచిడీ, సూపు, మనతో తెచ్చుకున్న పొడులు నయం. ఏటీఎంల మీద, పైన యూపీఐ మీద ఆధారపడొద్దు, గుప్తకాశీకి ముందే నగదు తీసుకోండి, వంద రూపాయల నోట్లు ఎక్కువగా. జమ్మూ కాశ్మీర్లోలా కాకుండా ఇక్కడ మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేస్తుంది.

బట్టల్లో జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులు ఆరవు. ఒంటికి థర్మల్, మీద ఉన్ని, ఆ పైన గాలీ వానా ఆపే జాకెట్. బూట్లు కొత్తవైతే కనీసం రెండు వారాలు ఇంటి దగ్గర తొడుక్కుని నడవండి. గౌరీకుండ్‌లో ఇనుప మొన ఉన్న వెదురు కర్ర దొరుకుతుంది. దిగేటప్పుడు మోకాళ్లని కాపాడేది అదే.

బదరీనాథ్‌లో ఇంత కష్టం లేదు, ఊరి దాకా కారు వెళ్తుంది. జోషీమఠ్‌లో పడుకుని పొద్దున వెళ్లి సాయంత్రానికి రావొచ్చు; జోషీమఠ్ నరసింహస్వామి గుడిని మాత్రం వదలకండి. తప్తకుండం నీళ్లు చాలా వేడి, బీపీ ఉన్నవాళ్లు ఒక్కసారిగా దిగకుండా చెంబుతో పోసుకుని, రెండు నిమిషాల్లో బయటికొచ్చి తుడుచుకుని ఉన్ని కప్పుకోవాలి. నాన్నగారు బ్రహ్మకపాలంలో పిండప్రదానం చేయాలనుకుంటే మూడు తరాల పేర్లు, గోత్రం కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ నిలబడి ఫోన్లు చేసుకోవడం ఇబ్బంది. బ్రహ్మకపాలంలో పెట్టాక ఏటా తద్దినం అక్కర్లేదని కొందరు, పెట్టాల్సిందేనని కొందరు అంటారు. మీ ఇంటి పురోహితుణ్ణి ఇక్కడే అడిగి వెళ్లండి.

రిజిస్ట్రేషన్ ఉచితం. ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ సైటులో లేదా టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్ యాప్‌లో ఒక్కొక్కరికి, ఒక్కో ధామానికి తేదీతో సహా చేయాలి, బాబుకి కూడా. ఆధార్‌లో ఉన్న పేరే ఇవ్వండి. క్యూఆర్ ఉన్న కాగితాన్ని ప్రింటు తీసి ఆధార్‌తో కలిపి పెట్టుకోండి. రోజువారీ పరిమితి ఉండొచ్చు కాబట్టి ముందు ఈ తేదీలు ఖాయమయ్యాకే విమానమో రైలో తీసుకోండి. అందరూ తిరగేసి చేసి ఇరుక్కునేది ఇక్కడే.

తిరుగు టికెట్టు తొమ్మిదో రోజుకి కాకుండా పదో రోజు సాయంత్రానికి తీసుకోండి. రోడ్డు ఎక్కడా ఆపకపోతే ఆ ఒక్క రోజు రిషీకేశ్‌లో టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమంలో రూము దొరుకుతుందేమో ముందే అడిగి పెట్టుకుంటే, పక్కనే గంగ, అమ్మగారి మోకాళ్లకి విశ్రాంతి.